రెండు విమానాశ్రయముల నడుమ ఒక నక్షత్రము

హైదరాబాదు నగరమునకు ఉత్తరపు వైపున బేగంపేటలో పాత విమానాశ్రయము కలదు. దక్షిణమున, గండశిలలు మెండుగానున్న శంషాబాదు నేలపై కట్టిన కొత్త విమానాశ్రయము 2008వ సంవత్సరము మార్చి మాసములో వాడుకలోనికి వచ్చెను. పటముమీద ఈ రెంటిని కలుపుచు తిన్నని గీత గీచి కొలిచినచో ఆ దూరము ఇంచుమించు 24 కిలోమీటర్లుండును. సూర్యునికంటె అధికమైన ద్రవ్యరాశి గల నక్షత్రమొకటి ఈ గీత పొడవులో ఇమిడిపోగలదని చెప్పినచో, విద్యార్థులకు అది పేదరాసి పెద్దమ్మ కథవలె తోచవచ్చును. సూర్యుని అడ్డుకొలత సుమారు 14 లక్షల కిలోమీటర్లు గదా! అయినను అట్టి నక్షత్రములు కలవు. ఇంతవరకు మూడువేలకు పైగా గుర్తింపబడినవి.

వీనికి న్యూట్రాను తారలని పేరు. సూర్యునికంటె ఎనిమిది, పది రెట్లు బరువైన నక్షత్రము తన ఇంధనము ముగిసినపుడు పేలిపోవును. దాని నడిబొడ్డు మాత్రము తన బరువునకు తానే క్రుంగి, పరమాణువులు నలిగి, ఎలక్ట్రానులు ప్రోటానులతో కలిసిపోయి, న్యూట్రానుల ముద్దగా మిగులును. ఇట్టివి ఉండవచ్చునని 1934లో బాడే, జ్వికీ అను శాస్త్రజ్ఞులు ఊహించిరి. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధన చేయుచుండిన జోసెలిన్ బెల్ అను యువతి, గడియారమువలె క్రమము తప్పని రేడియో స్పందనలను కనుగొనగా ఆ ఊహ నిజమైనది. ఇంతవరకు గల కథ పలు పుస్తకములలో కలదు, దానిని పెంచనక్కరలేదు. ఆపై పుట్టిన సందేహమే రసవత్తరమైనది.

న్యూట్రాను కూడ విడదీయరాని వస్తువు కాదు. ప్రోటాను, న్యూట్రాను మొదలైన వానిలో క్వార్కులను మరింత చిన్న కణములున్నవని 1964లో గెల్‌మన్, జ్వైగ్ అను ఇరువురు, ఒకరి పని ఒకరికి తెలియకయే, ప్రతిపాదించిరి. మరుసటి సంవత్సరమే రష్యాలో ఇవానెంకో, కుర్ద్‌గెలాయిద్జె అనువారు ఒక ప్రశ్న వేసిరి: నక్షత్రపు నడుమ ఒత్తిడి మితిమీరినపుడు న్యూట్రానులు సైతము పగిలి, క్వార్కులు విడివడి, ఒకే సముద్రమువలె కలిసిపోవునా? 1970లో జపాను దేశీయుడు నవోకి ఇతో అట్టి తారకు తొలి లెక్కలు కట్టెను. వీనినే క్వార్కు తారలందురు. లెక్కలలో ఇవి న్యూట్రాను తారలకంటె కొంచెము చిన్నవిగా తేలుచున్నవి. న్యూట్రాను తార వ్యాసార్ధము 12 కిలోమీటర్లనుకొన్నచో, క్వార్కు తారకు 10 అనుకొనవచ్చును. అనగా శంషాబాదులో మొదలు పెట్టిన గీత బేగంపేటదాక పోక, హుస్సేన్ సాగరపు దరిలోనే ఆగిపోవును. ప్రపంచములోని శాస్త్రజ్ఞుల వివాదమంతయు, ఒక విధముగా, హుస్సేన్ సాగరమునకును బేగంపేటకును నడుమనున్న ఆ మూడు నాలుగు కిలోమీటర్లను గూర్చినదే. అయితే కొలువవలసిన వస్తువు వేల కాంతి సంవత్సరముల ఆవల నున్నది.

క్వార్కులు ఆరు రకములు. మన చుట్టునున్న పదార్థములో అప్, డౌన్ అను రెండు రకములే కలవు. అప్ క్వార్కు విద్యుదావేశము ధనము మూడింట రెండు వంతులు. డౌన్ క్వార్కుది ఋణము మూడింట ఒక వంతు. మూడవదియగు స్ట్రేంజ్ క్వార్కు, పేరునకు తగినట్లే వింతైనది. దాని ఆవేశము డౌన్ క్వార్కుతో సమానము; ద్రవ్యరాశి మాత్రము దానికి ఎన్నో రెట్లు. భూమిమీద అది పుట్టిన క్షణములోనే మారిపోవును. తారా గర్భములో అది నిలిచియుండుటకు కారణమును ఒక ఉపమానముతో గ్రహింపవచ్చును. రెండు మెట్లబావులున్నవనుకొనుడు. ఒక్కొక్క మెట్టుమీద ఇందరే కూర్చొనవలెనని కట్టడి. జనము అధికమైనకొలది అడుగు మెట్లు నిండి, తరువాత వచ్చినవారు పైపై మెట్లమీద కూర్చొనవలసి వచ్చును. ఎంత పై మెట్టైన అంత శక్తి వ్యయము. అపుడు పక్కన మూడవ బావి తెరచినచో, పై మెట్లవారు దానిలోని అడుగు మెట్లకు దిగుదురు. దిగుటకు కొంత సుంకము చెల్లింపవలసినను అదియే వారికి లాభము. ఆ మూడవ బావియే స్ట్రేంజ్ క్వార్కు. సుంకము దాని అధిక ద్రవ్యరాశి. మూడు రకములును సమానముగా నున్నచో, రెండు వంతుల ధనములోనుండి ఒక్కొక్క వంతు ఋణము రెండు మారులు పోయి, మొత్తము ఆవేశము సున్న యగును. ఎనిమిదవ తరగతి బాలుడు వ్రేళ్లపై లెక్కించి చూచుకొనవచ్చును.

1971లో బోడ్మర్, 1984లో ఎడ్వర్డ్ విటెన్ ఈ ఆలోచనను మరియొక మెట్టు ముందుకు నడిపిరి. అట్టి మూడు క్వార్కుల పదార్థము తార గర్భములోని ఒత్తిడి తొలగిన తరువాత కూడ విడిపోక నిలుచునేమో, లోకములోని పదార్థములన్నింటికంటె అదియే సుస్థిరమైనదేమో యని వారి ఊహ. ఇది సామాన్యమైన మాట కాదు. పరమాణు కేంద్రకములలో మిక్కిలి గట్టి వానియందు ఇనుమును లెక్కింతురు. ఈ ఊహయే నిజమైనచో, నాగలి కర్రునందలి ఇనుము, చేతి గాజునందలి బంగారము, మనుష్య శరీరము కూడ మిక్కిలి దీర్ఘకాలము నిలుచు తాత్కాలిక స్థితులు మాత్రమే యగును. అట్లయిన అవి ఏల మారిపోవుటలేదు? ఒక కేంద్రకము మారవలెనన్న, దానిలోని అనేక క్వార్కులు ఒక్కమారుగా స్ట్రేంజ్ క్వార్కులుగా మారవలెను. ఒకటి రెండు మారినచో లాభమునకు బదులు నష్టమే. అందరును ఒక్క క్షణమున లేచినగాని తెరువని తలుపు అది. విశ్వపు వయస్సంత కాలము వేచినను అట్లు జరుగు అవకాశము లేదు.

అయినను భయపడినవారు లేకపోలేదు. అమెరికాలోని బ్రూక్‌హేవెనులో భారమైన కేంద్రకములను ఢీకొట్టించు యంత్రము 2000వ సంవత్సరములో పనికి దిగుటకు ముందు, దానిలో అట్టి పదార్థపు తునుక పుట్టి భూమినంతయు మ్రింగివేయునేమో యని పత్రికలలో కలవరము రేగెను. నిపుణులు విచారించి, చంద్రుని చూడుడనిరి. వాతావరణపు కవచము లేని చంద్రునిపై అట్టి వేగవంతమైన కేంద్రకములు కోట్ల సంవత్సరములనుండి తాకుచునే యున్నవి; చంద్రుడు చంద్రుడుగానే యున్నాడు. ఇంత పెద్ద భయమునకు ఇంత చక్కని సమాధానము దొరకుట అరుదు.

చేతికందని తారను లెక్కలో నిర్మించుట ఎట్లు? దానికి రెండు పనిముట్లు కావలెను. మొదటిది, పదార్థమును ఇంత నొక్కినచో అది ఎంత ఎదురు తన్నునో చెప్పు సూత్రము. దీనిని స్థితి సమీకరణమందురు. క్వార్కులకు 1974లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలోని శాస్త్రజ్ఞులు ఒక సులభమైన నమూనాను కల్పించిరి. క్వార్కులు ఒక సంచిలో స్వేచ్ఛగా తిరుగుచుండును. బయటి శూన్యము ఆ సంచిని అన్ని వైపులనుండి నొక్కుచుండును. ఆ నొక్కుడు విలువకు సంచి స్థిరాంకమని పేరు. క్వార్కుల ద్రవ్యరాశిని లెక్కింపక విడిచినచో సూత్రము ఇంతియే: పదార్థపు శక్తి సాంద్రతలోనుండి సంచి స్థిరాంకమునకు నాలుగు రెట్లు తీసివేసి, శేషమును మూడుచే భాగింపవలెను, వచ్చినది పీడనము. తీసివేత, భాగహారము తప్ప ఇందు వేరొకటి లేదు. ఆ స్థిరాంకము ఇష్టము వచ్చినంత ఉండుటకు వీలులేదు. అది మరీ తక్కువైనచో రెండు రకముల క్వార్కులే విడిగా సుస్థిరములై, లోకములోని ఇనుప మేకులన్నియు ఎన్నడో కరగిపోయి యుండవలెను. మేకు గోడకు నిలిచియుండుటయే స్థిరాంకపు క్రింది హద్దునకు సాక్ష్యము! మరీ ఎక్కువైనచో మూడు క్వార్కుల పదార్థము నిలువదు.

రెండవ పనిముట్టు గురుత్వాకర్షణ సూత్రము. ఐన్‌స్టీను సిద్ధాంతమునుండి టోల్మన్, ఓపెన్‌హైమర్, వోల్కాఫ్ అనువారు 1939లో దీనిని రాబట్టిరి. లెక్క తార నడుమ మొదలగును. కేంద్రములో ఇంత సాంద్రత యనుకొని, సూత్రము ప్రకారము పీడనమును గట్టి, ఒక చిన్న అడుగు బయటికి వేసి, పైనున్న బరువు తగ్గినమేరకు పీడనమును తగ్గించి, మరల అడుగు వేసి, ఇట్లు పీడనము సున్న యగువరకు పోవలెను. సున్న యైనచోటు తార ఉపరితలము. అడుగులెన్ని పడినవో అది వ్యాసార్ధము; దారిలో పోగుచేసినది ద్రవ్యరాశి. పూర్వము దినములకొలది పట్టిన ఈ లెక్కను నేడు కంప్యూటరు రెప్పపాటులో చేయును. విటెన్ ఇట్లే గుణించి, స్థిరాంకము దాని క్రింది హద్దు దగ్గరనున్నచో, క్వార్కు తార గరిష్ఠ ద్రవ్యరాశి సూర్యునికి రెండు రెట్లనియు, అపుడు వ్యాసార్ధము 11 కిలోమీటర్లనియు చూపెను. స్థిరాంకమును నాలుగు రెట్లు చేసినచో ఆ రెండు కొలతలును సగమగును.

పై సూత్రమును మరల చూడుడు. పీడనము సున్న యగునపుడు సాంద్రత సున్న కాదు. స్థిరాంకమునకు నాలుగు రెట్లుండును. క్వార్కు తార ప్రత్యేకత యంతయు ఈ చిన్న విషయములోనున్నది. న్యూట్రాను తార పైకి పోయినకొలది పలుచబడుచు, పైన ఇనుపపొర, దానిపై అతి పలుచని వాయువుతో ముగియును. కేవలము క్వార్కులే గల తార కత్తితో కోసినట్లు ముగియును. దాని ఉపరితలముననే ఒక ఘన సెంటీమీటరు, అనగా ఇంచుమించు ఒక పెద్ద చింతగింజంత పదార్థము, సుమారు 40 కోట్ల టన్నులు తూగును. శంషాబాదులో దిగగల విమానములలో మిక్కిలి పెద్దదియగు ఎయిర్‌బస్ 380 నిండు బరువుతో 575 టన్నులు. అట్టివి ఏడు లక్షలు పోగుచేసినగాని ఆ చింతగింజకు సరితూగవు. అయితే ఈ ఉపరితలము సంగతి ఇంకను తేలలేదు. అది నున్నని అంచు కాక, క్వార్కు తునుకలు ఎలక్ట్రానులలో పొదిగిన ఒక పొరవలె నుండవచ్చునని 2006లో జయకుమార్, సంజయ్ రెడ్డి, స్టైనర్ అనువారు వాదించిరి.

రెండు జాతుల తారలకు ఇంకొక భేదము గలదు. న్యూట్రాను తారను కట్టియుంచునది గురుత్వాకర్షణ. అది పత్తి బోరెము వంటిది. పైన బరువు పెంచినచో అణగునే గాని పెరుగదు. క్వార్కు తారను కట్టియుంచునది క్వార్కుల నడుమనున్న బలమే. అది బెల్లపు ముద్ద వంటిది. సమానమైన ఎనిమిది ముద్దలు కలిపి ఒక్క ముద్ద చేసినచో వ్యాసార్ధము రెండింతలగును. శంషాబాదు పరిసరములందలి నల్లరాతి గుండ్లు ఇట్టివే. ఒక గుండు గుండుగా నిలుచుటకు దాని బరువు కారణము కాదు. కావున ద్రవ్యరాశి స్వల్పమై, వ్యాసార్ధమును చిన్నదియైన తార దొరకినచో క్వార్కు తారయని అనుమానింపవచ్చును.

ఆ వ్యాసార్ధమును కొలుచుటకు ముఖ్యముగా తోడ్పడునది తారనుండి వచ్చు ఎక్సురే కాంతి. దానిని భూవాతావరణము అడ్డగించును. పరికరములను గాలికి పైగా పంపవలెను. ఈ పనిలో హైదరాబాదునకు చిరకాలపు పాలు కలదు. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 1968లోనే ఇచ్చటనుండి బెలూనునకు ఎక్సురే దూరదర్శినిని కట్టి పంపి, వృశ్చికరాశిలోని స్కార్పియస్ ఎక్స్-1 అను తారను పరిశీలించిరి. వారి బెలూను కేంద్రము నేటికిని నగరములోనున్నది. పలుచని పాలిథీను పొరతో చేసిన బెలూను ఉదజనితో నిండి, విమానములు తిరుగు పది పండ్రెండు కిలోమీటర్ల ఎత్తును దాటి, ముప్పది నలుబది కిలోమీటర్లకు చేరును. గాలిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు దాని క్రిందనే యుండును. పని ముగిసిన పిదప పరికరముల పెట్టె పారాచూటుతో ఏ పొలములోనో దిగును. దానిని తెరువవలదని, సమాచారము తెలుపవలెనని ప్రజలకు పత్రికలలో విజ్ఞప్తి వెలువడుట పరిపాటి. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లాలో పెద్ద గుమ్మటము వంటిదొకటి ఇట్లే దిగగా చుట్టుపట్ల గ్రామములు కదలివచ్చెను. అది తారలకు సంబంధించినది కాదు గాని, హైదరాబాదు బెలూను మోసికొనిపోయినదే. బెలూనులకు తరువాత కృత్రిమోపగ్రహములు వచ్చినవి. ఎక్సురే పరికరములతో ఆస్ట్రోశాట్ 2015లో, ఎక్స్‌పోశాట్ 2024లో శ్రీహరికోటనుండి నింగికి లేచినవి.

క్వార్కు తార దొరకినదన్న కేక పలుమారులు వినబడినది. 1987లో పేలిన నక్షత్రపు శిథిలములలో సెకనుకు 1968 మారులు తిరుగు తార కనబడినదని 1989లో చిలీ దేశపు వేధశాలనుండి ప్రకటన వచ్చెను. అంత వేగమునకు సామాన్యమైన న్యూట్రాను తార చెదరిపోవలెను. దానిని వివరించుటకు క్వార్కు తారల లెక్కలు వెల్లువగా వెలువడెను. తీరా చూడగా ఆ స్పందన నక్షత్రముది కాదు. దూరదర్శినిని గురిపెట్టుటకు వాడిన టెలివిజను కెమెరాది! ఇది నవ్వుకొనవలసిన సంగతి కాదు. తమ పరికరమును తామే అనుమానించి, నిజమును బయటపెట్టినవారు మొదట ప్రకటించిన ఆ శాస్త్రజ్ఞులే. నేటికి ధ్రువపడిన వేగములలో సెకనుకు 716 చుట్లే మిన్న. 2002లో మరియొక తార వ్యాసార్ధము ఎనిమిది కిలోమీటర్లకు మించదని చెప్పిరి. ఎక్సురేలతోపాటు మామూలు కాంతిని కూడ లెక్కలోనికి తీసికొనగా, ఆ తార వేడిచోటు మాత్రమే అంత చిన్నదనియు, తార పెద్దదేననియు తేలెను.

సెకనుకు 401 చుట్లు తిరుగు సాక్స్ జె 1808 అను తార క్వార్కు తార కావచ్చునని 1999లో వాదించిన వారిలో కలకత్తాకు చెందిన మీరా దే, జిష్ణు దే కలరు. వారి నమూనాలో తార మిక్కిలి చిన్నది. కాని 2010లో సూర్యునికి ఇంచుమించు రెండు రెట్ల ద్రవ్యరాశి గల పల్సారు ఒకటి బయటపడెను. తరువాత జె 0740 అను పల్సారు 2.08 రెట్లని 2021లో నిర్ణయింపబడెను. దాని వ్యాసార్ధము అంతరిక్ష కేంద్రముపైనున్న నైసర్ పరికరపు కొలతలలో 12 మొదలు 14 కిలోమీటర్ల వరకు వచ్చెను. మన గీత ఇపుడు బేగంపేటను కూడ దాటిపోయినది. ఇంత బరువును చిన్న తారల నమూనాలు మోయజాలవు. సులభమైన సంచి లెక్క కూడ రెండు రెట్ల దగ్గరనే ఆగును గదా. కావున సిద్ధాంతకారులు క్వార్కుల పరస్పర బలములను, అవి జంటలుగా కూడుటను లెక్కలో చేర్చి నమూనాలను గట్టిపరచవలసి వచ్చెను.

మరికొందరు క్వార్కులను పూర్తిగా విడదీయక, స్ట్రేంజ్ క్వార్కు నొకదానిని లోపల దాచుకొనిన హైపరాను అను కణములను తారలో చేర్చి చూచిరి. బిట్స్ పిలానీ విద్యాసంస్థకు హైదరాబాదునకు ఉత్తరమున శామీరుపేట దాపున ప్రాంగణమున్నది. అచ్చటి శర్మిష్ఠా బానిక్ 2014లో హెంపెల్, బంద్యోపాధ్యాయ్ అనువారితో కూడి అట్టి స్థితి సమీకరణపు పట్టికలను సిద్ధపరచెను. నక్షత్రములు పేలు తీరును కంప్యూటరులో గణించుటకు ఆ పట్టికలు పనికివచ్చును. పేరునకు పట్టికలే గాని, వాని వెనుక నున్న శ్రమ పెద్దది.

2022లో జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమువారు హెస్ జె 1731 అను తారను గూర్చి కొత్త కొలతలు ప్రకటించిరి. ద్రవ్యరాశి సూర్యునిలో 0.77 వంతు, వ్యాసార్ధము 10.4 కిలోమీటర్లు. స్వల్పమైన ద్రవ్యరాశి, చిన్న వ్యాసార్ధము; బెల్లపు ముద్దకు చెప్పిన లక్షణములే. క్వార్కు తారను నమ్మువారికి ఉత్సాహము కలిగెను. కాని ఆ కొలత రెండు ఆధారములపై నిలిచియున్నది. మొదటిది తార దూరము, సుమారు 8000 కాంతి సంవత్సరములు. తోడుగా నున్న మరియొక నక్షత్రపు దూరమునుబట్టి దానిని గ్రహించిరి. రెండవది తారపైని పలుచని పొర కార్బనుదే యను ఊహ. ఈ రెండవదానిపై మరుసటి సంవత్సరమే సందేహములు బయలుదేరెను. పొర వేరైనచో అంకెలును వేరగును. హుస్సేన్ సాగరపు దరికి వచ్చి ఆగిన గీత కొన మరల బేగంపేట వైపు జరుగవచ్చును.